పాత బట్ట పొయ్యి దగ్గరికి చేరేముందు

పాత బట్టల్ని మసిగుడ్డలుగా మార్చడం మంచి పనే, కానీ ఏ బట్టని ఎక్కడ వాడుతున్నామో చూసుకోకపోతే చేతులు కాలతాయి. పాలిస్టర్ సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, కరిగింది చర్మానికి అతుక్కుపోతుంది, అందుకే వేడి గిన్నె దించడానికి పాలిస్టర్ చొక్కా ముక్క అస్సలు వద్దు.

లేబుల్ చిరిగిపోయిందా? అంచు నుంచి ఒక్క దారం లాగి, సింకు మీద పట్టకారుతో పట్టుకుని అంటించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. ఉన్ని అయితే జుట్టు కాలిన కమురు వాసన, మంట పక్కకి తీయగానే దాదాపు తనంతట తనే ఆరిపోతుంది. పాలిస్టర్ మాత్రం ముడుచుకుపోయి గట్టి పూసలా మిగులుతుంది, నూలులో కలిసి ఉన్నా ఆ గట్టితనం వేలికి తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది పాత జీన్స్ సంగతి. వాటిని మళ్లీ పీచుగా చీల్చి, గోడల్లో పైకప్పుల్లో వేడిని ఆపే మందపాటి పరుపుల్లాంటివి చేస్తున్నారు. గాజు పీచుతో చేసే గ్లాస్ వూల్ లాగా దురద పెట్టవు. అయితే నూలు ఇట్టే అంటుకుంటుంది కదా, అందుకని మంటని అడ్డుకునే బోరేట్ లవణాలు పట్టిస్తారు. అది లేకుండా ఉత్త గుడ్డపేలికలు గోడలో కుక్కేవాళ్లని చూస్తే నాకు నిజంగా టెన్షన్. దయచేసి అలా చేయకండి, సహజమైనదైనంత మాత్రాన నిప్పు వదిలిపెట్టదు.

మసిగుడ్డకి నాలుగైదు పొరల నూలు గుడ్డ చాలు, కుట్టే దారం కూడా నూలుదే వాడండి. తడిగా ఉన్నప్పుడు మాత్రం దానితో వేడి గిన్నె ముట్టుకోవద్దు, తడిగుడ్డలోంచి వేడి చాలా త్వరగా చేతికి చేరుతుంది.