కూత వినబడలేదంటే పిట్ట లేదనేనా?

పక్షుల కూతల కోసం అడవిలో రికార్డరు కట్టడం ఇప్పుడు ఖరీదైన పనీ కాదు, కష్టమైన పనీ కాదు. జేబులో పట్టేంత ఆడియోమాత్ అనే రికార్డరు, మూడు ఏఏ బ్యాటరీలు, ఒక మైక్రోఎస్‌డీ కార్డు ఉంటే చాలు. కష్టమంతా తరవాత వస్తుంది. రెండు నెలల రికార్డింగు తిరగేస్తే వెతుకుతున్న కూత ఒక్కటీ లేదు. అప్పుడు ఏమని రాయాలి? పిట్ట అక్కడ లేదనా, ఉన్నా కూయలేదనా, కూసినా మన మైకు దాకా రాలేదనా? ఈ మూడింటినీ విడదీయాలంటే ఏర్పాట్లన్నీ రికార్డరు కట్టకముందే జరగాలి.

కలివి కోడిని ఉదాహరణగా తీసుకుందాం. 1900 తరవాత జాడ లేకుండా పోయి, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికిన పక్షి ఇది. లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడడానికి కారణం కూడా ఇదే. ముళ్లపొదల మధ్య ఖాళీ నేలల్లో రాత్రిపూట తిరుగుతుంది. కంటబడడం అరుదు కాబట్టి పరిశోధకులు మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు వెతికారు, కూత విని లెక్క కట్టారు. రెండక్షరాల చిన్న కూత, సెకనుకి ఒకటి చొప్పున కొన్నిసార్లు. అది కూడా ఎక్కువగా పొద్దుగూకాక ముప్పావుగంటకి మొదలై కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది.

ఇలాంటి పక్షికి, చాలామంది అలవాటుగా పెట్టే 'పది నిమిషాలకి ఒక నిమిషం' షెడ్యూలు పనికిరాదు. నాలుగు నిమిషాలే కూసి ఆపేసే పక్షి ఆ తొమ్మిది నిమిషాల ఖాళీలోనే కూసి ఊరుకోవచ్చు. సాయంత్రం ఆ వ్యవధి మొత్తం ఆపకుండా రికార్డు చేయాలి. కడప దగ్గర నవంబరు చివర పొద్దు 5:40 ప్రాంతంలో, జూలై మొదట్లో 6:50కి దగ్గరగా గుంకుతుంది. సాయంత్రం 6 నుంచి 8:15 దాకా పెడితే ఏడాది పొడవునా సరిపోతుంది, మధ్యలో సెట్టింగు మార్చే పని ఉండదు.

శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకి ధ్వనిని ఎన్నిసార్లు కొలవాలన్నది, 32 కిలోహెర్ట్జ్ చాలు. అందులో సగం, అంటే 16 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనులు దొరుకుతాయి. మోనో, 16 బిట్ వేవ్ (కుదించని ధ్వని) ఫైలుకి గంటకి 230 ఎంబీ పడుతుంది. రెండుంపావు గంటలకి సుమారు 520 ఎంబీ. 32 జీబీ కార్డు దాదాపు అరవై సాయంత్రాలు వస్తుంది. మన చెవికి అందనంత హెచ్చు ఫ్రీక్వెన్సీలో అరిచే గబ్బిలాలు కావాలంటే మాత్రం లెక్క తలకిందులవుతుంది. 384 కిలోహెర్ట్జ్ దగ్గర గంటకి 2.7 జీబీ దాటుతుంది. రెండు పనులూ ఒకే రికార్డరుతో కానిద్దామనుకుంటే రెండూ చెడతాయి.

గెయిన్ (మైకు ధ్వనిని ఎంత పెంచాలన్న సెట్టింగు) మీడియం దగ్గర పెట్టి అధ్యయనం పూర్తయ్యేదాకా తాకకండి. హైలో పెడితే దగ్గరి కూతల అలల కొసలు చదునుగా తెగిపోతాయి, దాన్ని తరవాత ఏ సాఫ్ట్‌వేరూ బాగు చేయలేదు. నడుమ గెయిన్ మారిస్తే ముందు నెలనీ వెనక నెలనీ పోల్చే వీలుండదు. గాలి రొద తగ్గుతుందని రికార్డు చేసేటప్పుడే ఫిల్టరు పెట్టడమూ వద్దు. ఆ పని కంప్యూటర్లో ఎప్పుడైనా చేసుకోవచ్చు.

అందరూ ఒకసారైనా బోల్తా పడేది టైము దగ్గర. టైమ్‌జోను మార్చకపోతే ఆడియోమాత్ ఫైలు పేర్లు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో వస్తాయి, మన టైముకి ఐదున్నర గంటలు వెనక. రాత్రి 7:10కి మొదలైన ఫైలు పేరులో 134000, అంటే 13:40:00 అని ఉంటుంది. చూసినవాళ్లు అది మధ్యాహ్నం రికార్డింగని పక్కన పడేస్తారు. షెడ్యూలు వేసేటప్పుడు ఇదే పొరపాటు జరిగితే ఇంకా ఘోరం, రికార్డరు అర్ధరాత్రి దాకా నిద్రపోతుంది. బ్యాటరీలు తీస్తే గడియారం కూడా పోతుంది కాబట్టి మార్చిన ప్రతిసారీ టైము మళ్లీ సెట్ చేయాలి. ప్రతి వేవ్ ఫైలు హెడరులో ఆ క్షణపు బ్యాటరీ వోల్టేజీ, ఉష్ణోగ్రత నమోదై ఉంటాయి. రికార్డరు నిజంగా ఏ రోజు దాకా పనిచేసిందో అక్కడ చూడండి, డైరీలో రాసుకున్న తేదీని నమ్మకండి. చవగ్గా దొరికే కార్డుల్లో నకిలీలు ఎక్కువ, పైన రాసినంత చోటు లోపల ఉండదు. అడవికి తీసుకెళ్లేముందు ఒకసారి పూర్తిగా నింపి, తిరిగి చదివి చూడాలి.

కట్టే చోటు సంగతి. ఎత్తు మీటరు నుంచి మీటరున్నర. లావు మాను వెనకనుంచి వచ్చే శబ్దాన్ని అడ్డుకుంటుంది, సన్నటి కాండం మేలు. చుట్టూ మూరెడు మేర ఆకులు, కొమ్మలు తీసేయాలి. తాడు కొస వేలాడితే గాలికి కొట్టుకుంటూ రాత్రంతా టపటపమని రికార్డవుతుంది. కేసు లేకపోతే జిప్‌లాక్ కవరు, లోపల సిలికా జెల్ పొట్లం వాడొచ్చు. కవరు వదులుగా ఉంటే మాత్రం చినుకు పడినప్పుడల్లా పేలాలు వేయించినట్టుంటుంది. చీమలు చేరకుండా చూసుకోండి.

ఇక అసలు ప్రశ్న: మైకు ఎంత దూరం వింటుంది? దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పొదలు, గాలి, కీచురాళ్లు ఆ పైన ఇంకొంత తినేస్తాయి. కాబట్టి అంచనాతో సరిపెట్టకుండా కొలవాలి. అభయారణ్యం బయట అలాంటి పొదలే ఉన్న చోట, పక్షి కూతకి దగ్గరి ఫ్రీక్వెన్సీలో ఒక టోనుని స్పీకరు మీద 50, 100, 150, 200 మీటర్ల నుంచి వినిపించి, స్పెక్ట్రోగ్రాంలో (ధ్వనిని గీతలుగా చూపే బొమ్మలో) ఎక్కడిదాకా గీత కనబడుతోందో చూడాలి. స్పీకరు ముందు మీటరు దూరంలో ధ్వనిని కొలిచే పరికరంతో చూసిన స్థాయి ప్రతిసారీ ఒకేలా ఉండాలి. అసలు కూతనే వినిపిస్తే పని తేలికే, కానీ మిగిలిందే గుప్పెడు పక్షులైనప్పుడు వాటి మధ్య పోటీ కూతలు పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ దూరం 150 మీటర్లని తేలితే రెండు రికార్డర్ల మధ్య 300 మీటర్లకి తగ్గకూడదు, లేదంటే ఒకే పక్షి రెండుగా లెక్కకొస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి అంకె దొరుకుతుంది. పరిధిలో ఉన్న పక్షి ఒక సాయంత్రం మన మైకుకి చిక్కే అవకాశం నూటికి 30 అనుకుందాం. చిక్కకపోయే అవకాశం 70. తొమ్మిది సాయంత్రాలు వరసగా చిక్కకపోవాలంటే 0.7ని తొమ్మిదిసార్లు హెచ్చించాలి, నూటికి 4 వస్తుంది. ఒకటి రెండు రాత్రులు విని 'లేదు' అనేవాళ్ల మాటకి ఎంత బలముందో దీన్నిబట్టి తెలుస్తుంది. గాలివాన సాయంత్రాలు ఈ తొమ్మిదిలోకి రావు. కప్పలు హోరెత్తే తొలకరి రాత్రులూ అంతే. వాటిని విడిగా గుర్తించి తీసేయాలి. ఆ 30 అనే అంకె కూడా ఊహగా ఉండకూడదు. పక్షి ఉన్నట్టు ఖాయంగా తెలిసిన చోట పదేపదే రికార్డు చేసి రాబట్టాలి.

ఒకే చోట రెండు పక్షులు బదులు పలుకుతున్నాయా, ఒక్క పక్షే చోటు మారి కూస్తోందా అన్నది ఒక మైకుతో తేలదు. మూడు నాలుగు రికార్డర్లకి కూత చేరిన టైముల తేడాతో చోటు లెక్కగట్టొచ్చు, కానీ వేసవి రాత్రి శబ్దవేగం సెకనుకి 350 మీటర్ల దాకా ఉంటుంది. గడియారాల మధ్య ఒక్క సెకను తేడా ఉన్నా లెక్క మొత్తం పోయినట్టే. జీపీఎస్‌తో గడియారాలు కలపకుండా ఆ పనికి దిగకండి.

వినే పని బర్డ్‌నెట్‌ అనే, కూతని బట్టి పక్షిని గుర్తించే సాఫ్ట్‌వేరుకి అప్పగించొచ్చు. అది రికార్డింగుని మూడేసి సెకన్ల ముక్కలుగా చూసి, ఒక్కోదానికి సున్నా నుంచి ఒకటి దాకా స్కోరు ఇస్తుంది. 0.8 అంటే నూటికి 80 పాళ్లు నిజమని కాదు. తీతువు విషయంలో 0.5 చాలొచ్చు, రాత్రిపూట కూసే నైట్‌జార్‌ పక్షికి 0.9 కూడా చాలకపోవచ్చు. ఒక్కో జాతికి, ఒక్కో స్కోరు మెట్టులో యాభై ముక్కలు యాదృచ్ఛికంగా తీసి చెవితో విని, ఎన్ని నిజమో లెక్కేసి, ఎంత స్కోరు దాటితే నమ్మాలన్న హద్దు అప్పుడు పెట్టుకోవాలి. నమూనా రికార్డింగులే అతి తక్కువగా ఉన్న కలివి కోడి లాంటి వాటికి, తెలిసిన కూత స్పెక్ట్రోగ్రాంని అచ్చుగా పెట్టుకుని దానికి పోలిన ముక్కలన్నీ ఏరడం మేలు. హద్దు బాగా తక్కువలో పెట్టండి. వందల తప్పుడు ముక్కలు వస్తాయి, వాటిని మనిషే విని తీసేయాలి. దీనికి అడ్డదారి లేదు.

అడవి మొత్తం శబ్దాన్ని ఒక్క అంకెగా కుదించి 'జీవవైవిధ్యం ఇంత' అని చెప్పే సూచికల మీద నాకు గురి తక్కువ. కీచురాళ్లు గట్టిగా అరిచిన రాత్రి అంకె ఒక్కసారిగా మారిపోతుంది, జాతులు మాత్రం నిన్నటివే.

అభయారణ్యంలోకి అడుగు పెట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ అనుమతి ఉండాలి. మేకలు కాసేవాళ్ల మాటలూ మైకులో పడతాయి కాబట్టి చుట్టుపక్కల ఊళ్లలో ముందే చెప్పి, మనుషుల గొంతులున్న ముక్కలు తుడిచేయండి. అసలు ఫైళ్లు వేవ్‌గానో ఫ్లాక్‌గానో (ధ్వని పోకుండా కుదించే పద్ధతి) రెండు చోట్ల దాచండి. వాట్సాప్‌లో పంపిన ముక్క సాక్ష్యంగా పనికిరాదు, కుదింపులో ధ్వని పోతుంది, టైము వివరాలూ పోతాయి. కూత నిజంగా దొరికితే ముందు అటవీశాఖకి చెప్పండి. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు మాత్రం ఎక్కడా బహిరంగంగా పెట్టకండి.