లక్ష్మి పేరు విడిపోయింది

"అన్నయ్యా, ఈ పాప పేరేంటి ఇలా వచ్చింది?" అని చెల్లి ఫోన్ నా ముందు పెట్టింది. ల, క, పొల్లు, ష, ఇంకో పొల్లు, మ, గుడి. దేనికది విడివిడిగా. లక్ష్మి అట!

వాళ్ల బడి పిల్లల సర్టిఫికెట్ల మీద పేర్లు పైథాన్ ప్రోగ్రాంతో, బొమ్మల మీద అక్షరాలు వేసే పిల్లో లైబ్రరీతో వేస్తున్నా. తప్పు నేను వాడిన మండలి అనే ఫాంట్‌దే అనుకుని రామభద్ర అనే ఇంకో ఫాంట్ పెట్టా. అదే తీరు.

ఫాంట్‌లో వత్తులన్నీ ఉన్నాయి. ఏది ఎక్కడ కూర్చోవాలో చూసి అమర్చేది హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్. పిల్లో దాన్ని రక్మ్ అనే లైబ్రరీ ద్వారా వాడుకుంటుంది. నా సిస్టంలో ఆ రక్మే లేదు! అది పెట్టాక, కోడ్‌లో ఒక్క లైను మార్చకుండానే లక్ష్మి లక్ష్మిలా వచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

బోల్డ్‌తో ఇంకో గంట. పిల్లోలో బోల్డ్‌కి స్విచ్ ఉండదు, లావు అక్షరాల ఫాంట్ ఫైల్ విడిగా ఇవ్వాలి. మండలికి అది లేదు. స్ట్రోక్, అంటే అక్షరం చుట్టూ గీత మందం, పెంచి చూశా, అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోయి మసిముద్దలా అయింది. పిల్లల పేర్లు అలా ఇవ్వడానికి మనసొప్పలేదు. చివరికి రామభద్రే, అదెలాగూ లావుగానే ఉంటుంది.

ప్రింట్‌కి పంపే ముందు ఆ పాప పేరే జూమ్ చేసి చూశా. క కింద ష వత్తు, దాని పక్కన మ వత్తు. ఎంత బాగుందో.