నారాలో వాలంటీర్ గైడ్‌తో మా అనుభవం

అమ్మానాన్నల్ని జపాన్ తీసుకెళ్లాలనుకున్నప్పుడే నారాలో మాత్రం గైడ్ ఉండాల్సిందేనని గట్టిగా అనుకున్నాను. టోక్యోలో అయితే ఫోన్‌లో మ్యాప్ పట్టుకుని ఎలాగోలా తిరిగేయొచ్చు. నారాలో చూసేవన్నీ పన్నెండు పదమూడు వందల ఏళ్ల నాటి సంగతులు, పక్కన ఎవరో ఒకరు విడమరిచి చెప్పకపోతే పెద్ద గుడి, పెద్ద బుద్ధుడు, జింకలు అని నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేయడమే.

ముందు డబ్బులు తీసుకునే గైడ్‌ల గురించి వాకబు చేశాను. అక్కడ గైడ్‌లకి జాతీయ స్థాయిలో పరీక్ష, లైసెన్సు ఉన్నాయి. ఒకప్పుడు ఆ లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని విదేశీయులకి వాళ్ల భాషలో గైడ్‌గా పనిచేయడం కుదిరేది కాదు, 2018 జనవరి నుంచి ఎవరైనా చేయొచ్చని చట్టం మార్చారు. అందుకని ఆన్‌లైన్‌లో కనిపించే గైడ్‌లందరికీ లైసెన్సు ఉంటుందనుకోవద్దు, కావాలంటే మనమే అడగాలి. రేట్లు చూస్తే సగం రోజుకే మా బడ్జెట్ దాటిపోయేలా ఉన్నాయి.

ఒసాకాలో ఉద్యోగం చేసే ఫ్రెండ్ ఒకడు అప్పుడు గుడ్‌విల్ గైడ్‌ల సంగతి చెప్పాడు. చాలా ఊళ్లలో స్థానికులు, ఎక్కువగా రిటైరైనవాళ్లు, స్టూడెంట్లు కలిసి సంఘాలుగా ఏర్పడి ఉచితంగా ఊరు చూపిస్తారు. వాళ్ల దారిఖర్చులు, టికెట్లు, మనతో తింటే భోజనం మనం చూసుకోవాలి, అంతే. నారాలో ఇలాంటివి ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. ఒక సంఘం వాళ్లు ఆ రోజుకి ఎవరూ ఖాళీ లేరని మర్యాదగా రాశారు, ఇంకొకరు సరేనన్నారు.

ఫారమ్‌లో తేదీ, ఎంతమంది, ఎక్కడ కలవాలి లాంటివి మామూలే. అసలు విషయమంతా చివర్లో మీ ఆసక్తులేమిటి అని అడిగే పెట్టెలో ఉంది. చాలామంది అక్కడ చూడాల్సిన చోట్ల పేర్లు రాసి వదిలేస్తారు. నేను మాత్రం నాన్నకి మోకాళ్ల నొప్పులని, అమ్మ శాకాహారి, గుడ్డు, చేప తగిలినవేవీ ముట్టదని, తోదాయ్‌జీ గుడిలోని మహాబుద్ధుడి విగ్రహానికి కళ్లు తెరిపించిన, మన దేశం నుంచి వెళ్లిన బౌద్ధ సన్యాసి బోధిసేనుడి గురించి వివరంగా వినాలనుందని రాశాను. మా రోజంతా ఆ మూడు వాక్యాల మీదే నడిచింది. మీరు వెళ్తే ఆ పెట్టెని ఖాళీగా వదలకండి.

కిన్‌తెత్సు నారా స్టేషన్ బయట గ్యోకి అనే బౌద్ధ సన్యాసి విగ్రహం ఉన్న ఫౌంటెన్ దగ్గర కలుద్దామన్నారు. మేం పది నిమిషాలు ముందే వెళ్తే మా గైడ్ ఆవిడ అప్పటికే వచ్చి నిలబడి ఉన్నారు. రిటైరైన ఇంగ్లిష్ టీచరట, నిదానంగా, స్పష్టంగా మాట్లాడతారు. కథ అక్కడే మొదలుపెట్టారు. బోధిసేనుడు 736లో జపాన్ చేరినప్పుడు నానివా రేవులో, అంటే ఇప్పటి ఒసాకాలో, ఎదురెళ్లి స్వాగతం చెప్పింది ఈ గ్యోకీయేనట. మహాబుద్ధుడి కోసం ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టిందీ ఆయనే, కానీ 749లో చనిపోవడంతో విగ్రహ ప్రతిష్ఠ చూడలేకపోయాడు.

నాన్న మోకాళ్ల కోసం బస్సెక్కించారు. దిగగానే జింకలు చుట్టుముట్టాయి, ఒకటి అమ్మ పైటకొంగు నోట కరుచుకుంది. ఆవిడ కంగారు పడకుండా కొంగు నడుముకి చుట్టుకోమని చెప్పి, బిస్కెట్లు అయిపోయాక రెండు అరచేతులూ ఖాళీగా చూపించమన్నారు. నిజంగానే వదిలేసి వెళ్లిపోయాయి.

తోదాయ్‌జీలో బుద్ధుడి ముందు నిలబడి ఆవిడ తన ఫైల్లోంచి ప్లాస్టిక్ కవరు వేసిన ఒక ఫొటో తీశారు. 752లో బోధిసేనుడు కళ్లు దిద్దిన కుంచె! దానికి కట్టిన నీలం దారాన్ని వచ్చినవాళ్లంతా పట్టుకున్నారట, ఆ పుణ్యంలో తమకీ భాగం ఉండాలని. నేను తెలుగులో చెప్పేలోపే నాన్న "మన గుళ్లో చేసే నేత్రోన్మీలనమే కదమ్మా ఇది" అన్నారు. ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్తే ఆవిడ చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. మంటల్లో విగ్రహం దెబ్బతిన్నాక 1185లో మళ్లీ కళ్లు తెరిపించడానికీ అదే కుంచె వాడారని, ఇప్పుడున్న తల మాత్రం 1690ల నాటిదని దాచకుండా చెప్పారు. కుంచె షోసోయిన్ భాండాగారంలో భద్రంగా ఉంది. ఏటా శరదృతువులో నారా నేషనల్ మ్యూజియంలో అక్కడి వస్తువులు కొన్నే ప్రదర్శనకి పెడతారు కాబట్టి ఇది ప్రతిసారీ ఉండదు. పాత పోత భాగాలు కింద పద్మపీఠంలో ఇంకా ఉన్నాయంటే నాన్న చాలాసేపు అక్కడే నిలబడిపోయారు.

భోజనం సంగతి నాకు పెద్ద టెన్షన్. జపాన్‌లో కూరగాయల సూప్ అన్నా అడుగున చేప రసం ఉంటుంది. ఆవిడ ముందురోజే ఒక చిన్న హోటల్‌కి ఫోన్ చేసి మాట్లాడి పెట్టారు. అన్నం, వేయించిన తోఫు, నువ్వులు కలిపిన ఆకుకూర, సముద్రపు నాచుతో కాచిన సూప్. అమ్మ కడుపునిండా తింది. అక్కడే ఒక అట్టముక్క మీద అమ్మ ఏమేం తినదో జపనీస్‌లో రాసిచ్చారు, మిగతా ట్రిప్ అంతా హోటళ్లలో అదే చూపించాం.

సాయంత్రం నారామాచి సందుల్లో ఇళ్ల చూరులకి ఎర్రగుడ్డ కోతి బొమ్మలు వేలాడుతుంటే అమ్మ "మన గుమ్మానికి గుమ్మడికాయ కట్టినట్టే" అంది. అవునట, ఇంట్లోవాళ్లకి రావాల్సిన కీడు అవి తీసుకుంటాయని నమ్మకం.

డబ్బు విషయంలో మొహమాటం ఉంటుంది కాబట్టి చెప్తున్నా, బస్సు, టికెట్లు ఎక్కడికక్కడ మనమే కట్టేయడం మేలు. ఆవిడ ఇంటి నుంచి వచ్చిన రైలు ఛార్జీ కవర్లో పెట్టి ఇచ్చాం. టిప్ తీసుకోరు. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన కొండపల్లి బొమ్మ ఇస్తే మాత్రం రెండు చేతులతో అందుకున్నారు. చెర్రీ పూల రోజుల్లో, నవంబరులో ఆకులు ఎర్రబడే రోజుల్లో వెళ్లేవాళ్లు నెల ముందే ఫారమ్ పంపండి, మూడు నాలుగు తేదీలిస్తే వాళ్లకీ కుదర్చడం తేలిక.