కముకుంజి నుంచి డాండోరా దాకా: కెన్యా చిన్న వ్యాపారుల మధ్య

కెన్యా వెళ్తున్నానంటే అందరూ మసాయి మారా, సింహాలు, జీపు సవారీ అనుకున్నారు. నాకేమో బజార్లు చూడాలని ఉంది. చిన్న వ్యాపారం చేసుకునేవాళ్ళకి ఏ సాయం నిజంగా పనికొస్తుంది అన్న ప్రశ్న నన్ను చాలా కాలంగా వదల్లేదు. దాని గురించి ఏ పరిశోధన చదివినా ఎక్కడో ఒకచోట కెన్యా పేరు తగిలేది. నైరోబీలో చిన్న వర్తకుల సంఘాలతో పనిచేసే స్నేహితుడొకడున్నాడు, "చదివింది చాలు, వచ్చి వాళ్ళతో కూర్చో" అన్నాడు. టికెట్ కొన్నాను.

ముందుగా తీసుకెళ్ళింది నైరోబీలోని కముకుంజికి. ఆ చోటు కనపడకముందే వినపడుతుంది, వందల సుత్తుల మోత. పాత నూనె డ్రమ్ములు కోసి, రేకు సాపు చేసి, బడిపిల్లల ట్రంకు పెట్టెలు, తోపుడు బళ్ళు, పెద్ద పెద్ద వంటపాత్రలు చేస్తున్నారు, అంతా ఆరుబయటే. ఎండలో పనిచేసే ఇలాంటివాళ్ళని అక్కడ జువా కాలీ అంటారు, దేశంలో ఉపాధిలో పెద్ద వాటా ఈ రకం పనులదే. 2016లో ప్రభుత్వం చేసిన సర్వేలో సుమారు 74 లక్షల చిన్న వ్యాపారాలు లెక్క తేలాయి, వాటిలో లైసెన్సు ఉన్నవి 15.6 లక్షలే. అంతకుముందు అయిదేళ్ళలో మూతపడ్డవి 22 లక్షలు. ఈ చివరి అంకె చదివినప్పుడు కంటే ఆ మోత మధ్య నిలబడ్డప్పుడు నాకు ఎక్కువ బరువుగా అనిపించింది, ఎందుకంటే మూతపడిన ప్రతి వ్యాపారం వెనకా ఇలా పొద్దున్నే వచ్చి సుత్తి పట్టుకున్న మనిషి ఒకడుంటాడు.

ఒకాయన పక్కన చాలాసేపు కూర్చున్నాను. రైలు పట్టా ముక్క ఆయన దాగలి. దాని మీద రేకు పెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ కొడుతుంటే నడుము సన్నగా, పైనా కిందా వెడల్పుగా ఒక ఆకారం వస్తోంది. అది జికో, బొగ్గుల పొయ్యి. లోపల మట్టితో చేసి కాల్చిన గిన్నె లాంటిది కూర్చోబెడతారు, అది వేరే చోట కుమ్మర్లు చేసి పంపుతారు. 1980ల మొదట్లో థాయ్‌లాండ్ బకెట్ పొయ్యిని చూసి, అక్కడి వంటకీ అక్కడి రేకు పనివాళ్ళకీ సరిపోయేలా మార్చిన నమూనా ఇది. పాత రేకు పొయ్యితో పోలిస్తే బొగ్గు మూడో వంతు నుంచి సగం దాకా ఆదా. మొదట్లో మట్టి గిన్నెలు పగిలిపోయి చాలా చెడ్డపేరు వచ్చిందట. అయినా నిలబడింది, ఎలాగంటే ఆ నమూనాని ఎవరూ తాళం వేసి దాచుకోలేదు, ఈ పనివాళ్ళే ఒకరిని చూసి ఒకరు నేర్చుకుని, కొన్నవాళ్ళ తిట్లు విని సరిదిద్దుకుంటూ పోయారు. కొనేవాడికి బొగ్గు ఖర్చు తగ్గింది, చేసేవాడికి పని దొరికింది, నరికే చెట్లకీ కొంత ఊపిరి. సుస్థిర వ్యాపారం అన్న మాట మీటింగుల్లో చాలాసార్లు విన్నాను గానీ, ఇంత గట్టి ఉదాహరణ చేత్తో పట్టుకుని చూడటం అదే మొదటిసారి.

ఆయన్ని మీ ఇబ్బంది ఏంటని అడిగాను. అప్పు అంటాడనుకున్నాను. రేకు అన్నాడు. డ్రమ్ములు ఒక్కొక్కటిగా కొంటే ఒక ధర, లాటుగా కొంటే ఇంకో ధర, ఒక్కడి దగ్గర అంత డబ్బు ఉండదు, కాబట్టి నలుగురు కలిసి లాటు తెచ్చుకుని పంచుకుంటారు. నలుగురిలో ఒకడు ఆ వారం డబ్బులు ఇవ్వలేకపోతే మిగతా ముగ్గురికీ టెన్షన్. అప్పుల గురించి కదిపితే ఫోన్ చూపించాడు.

ఆ ఫోన్ సంగతి కొంచెం చెప్పాలి. ఎం-పెసా 2007 మార్చిలో మొదలైంది. మామూలు ఫోన్లోంచే డబ్బు పంపడం, దాచుకోవడం, సందుకో ఏజెంటు. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం దీనివల్ల దాదాపు 1,94,000 కుటుంబాలు కటిక పేదరికంలోంచి బయటపడ్డాయనీ, 1,85,000 మంది దాకా ఆడవాళ్ళు వ్యవసాయం పనుల నుంచి వ్యాపారానికి మళ్ళారనీ లెక్కగట్టింది. నేను చూసిన ప్రతి బడ్డీ మీదా టిల్ నంబరు, అంటే ఫోన్లోంచి డబ్బు కట్టడానికి ఆ బడ్డీకున్న నంబరు, రాసి ఉంది. కానీ డబ్బు ఎంత తేలిగ్గా వస్తుందో అంత తేలిగ్గా పోతుంది. ఒకే ఫోన్లో ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు కలిసిపోతాయి, పిల్లాడి ఫీజు రేపటి సరుకు డబ్బుని మింగేస్తుంది. అందుకే వ్యాపారం డబ్బుని వేరే ఉంచే పోచి లా బియాషారా అనే సదుపాయం పెట్టారు, కూరగాయలమ్మే ఒకామె అన్నిటికంటే ఇదే తనకి బాగా కలిసొచ్చిందని చెప్పింది. అదే ఫోన్లో ఫులిజా కూడా ఉంది, ఖాతాలో డబ్బు చాలకపోయినా చెల్లించనిచ్చే ఓవర్‌డ్రాఫ్టు, 2019లో వచ్చింది. 2022 నవంబరు 30న ప్రభుత్వం చిన్న అప్పులిచ్చే హస్లర్ ఫండ్ మొదలుపెట్టింది. 500 నుంచి 50,000 షిల్లింగుల దాకా, ఏడాదికి 8 శాతం వడ్డీ, 14 రోజుల్లో తీర్చాలి, ఇచ్చినదాంట్లో 5 శాతం పొదుపులోకి వెళ్తుంది. వడ్డీ తక్కువే, మంచిదే. నా అభ్యంతరం గడువు మీద. పొద్దున తెచ్చిన టమాటా సాయంత్రానికి డబ్బవుతుంది కాబట్టి కూరగాయలామెకి 14 రోజులు చాలు. రేకు కొని, కొట్టి, మట్టి గిన్నె తెప్పించి, పొయ్యి అమ్ముడయ్యేదాకా ఆగాల్సిన ఆ కముకుంజి ఆయనకి అది ఏ మూలకి?

అక్కడి నుంచి పడమటికి బస్సు. రిఫ్ట్ లోయ అంచున రోడ్డు కిందికి దిగుతుంటే ఎదురుగా విశాలంగా లోయ పరుచుకుని ఉంటుంది, తర్వాత నకూరు, కెరిచో టీ తోటలు, కిసుము. కిసుములో రాత్రి ఉండి మళ్ళీ బయల్దేరితే మసెనో దగ్గర భూమధ్యరేఖ బోర్డు, ఉగాండా సరిహద్దుకి పోయే లారీల వరస, ఆ రోడ్డు మీదే బుమాలా. చూడ్డానికి మామూలు సంత ఊరు, కానీ ఇలాంటి విషయాలు చదివేవాళ్ళకి ఈ పేరు బాగా తెలుసు.

బుమాలాలో ఎండు ఒమెనా అమ్మే పెద్దావిడ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. విక్టోరియా సరస్సులో దొరికే వేలెడంత వెండి రంగు చేపలు అవి, డబ్బాతో కొలిచి అమ్ముతుంది. బోణీ అప్పుడే అవుతోంది. ఒకతను డబ్బాడు చేపలు కొలిపించుకుని వెయ్యి షిల్లింగుల నోటు చాపాడు. ఆమె దగ్గర చిల్లర లేదు. నోటు పట్టుకుని పక్క బడ్డీకి, అక్కడ లేకపోతే ఆ పక్కదానికి వెళ్ళింది, ఈలోపు ఇంకో ఇద్దరు వచ్చి ఎవరూ లేరని వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి నోటిచ్చినతను కూడా మనసు మార్చుకుని నోటు వెనక్కి తీసుకుని పోయాడు. మూడు గిరాకీలు, కళ్ళ ముందే. పడమటి కెన్యాలోనే చేసి 2014లో అచ్చయిన ఒక అధ్యయనం ఇలా చిల్లర లేక చిన్న దుకాణాలు లాభంలో 5 నుంచి 8 శాతం దాకా పోగొట్టుకుంటున్నాయని తేల్చింది. పరిశోధకులు వారం వారం వచ్చి చిల్లర సంగతి అడుగుతుండటమే చాలామందిని మార్చిందట, ఎంత పోతోందో అప్పటిదాకా ఎవరూ కూడి చూసుకోలేదు మరి. "మామా, రాత్రే చిల్లర పక్కన పెట్టుకోవచ్చు కదా" అని నా స్నేహితుడి చేత అడిగించాను. "పెడితే ఇంట్లో నిలుస్తుందా నాయనా, ఎవరో ఒకరు అడుగుతారు" అంది. లేదని అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు, చేతిలో ఉంటే ఇవ్వాల్సిందే.

ఆమె మాటే ఇదే ఊళ్ళో జరిగిన ఇంకో ప్రయోగంలోనూ ఉంది. సంతలో అమ్ముకునే ఆడవాళ్ళకీ, సైకిలు టాక్సీ తొక్కే మగవాళ్ళకీ ఊరి బ్యాంకులో ఖాతాలు తెరిచి ఇచ్చారు. వడ్డీ లేదు, పైగా డబ్బు తీస్తే రుసుము. ఎవరు వాడతారు అనుకుంటాం, కానీ ఆడవాళ్ళలో చాలామంది వాడారు, ఎక్కువ దాచారు, దాచింది సరుకు మీద పెట్టారు. సైకిలు టాక్సీ వాళ్ళలో ఏ మార్పూ కనపడలేదు. 2013లో అచ్చయిన ఈ ఫలితం చదివినప్పుడు తల గోక్కున్నాను, ఆమె దగ్గర కూర్చున్నాక అర్థమైంది: ఆమెకి వడ్డీ అక్కర్లేదు, అడిగినవాళ్ళకి "బ్యాంకులో ఉంది" అని నిజం చెప్పగలిగే వీలు కావాలి. అక్కడి చామాలు, అంటే మన చీటీల లాంటి గుంపులు, కొంతవరకు ఆ పనే చేస్తాయి. వారం వారం కట్టాలి అంటే ఇంట్లోవాళ్ళు ఎదురు చెప్పరు.

మళ్ళీ నైరోబీకి వచ్చాక చివరగా డాండోరా వెళ్ళాం. నగరం చెత్తంతా చేరే పెద్ద డంపింగ్ యార్డు ఉన్న పేట అది. ఇక్కడ చేసిన పరిశోధనలో చిన్న వ్యాపారం చేసుకునే యువతుల్లో కొందరికి తరగతి గదిలో శిక్షణ ఇచ్చారు, ఇంకొందరికి అదే పేటలో వ్యాపారం నిలదొక్కుకున్న ఒక ఆడమనిషిని తోడిచ్చారు. తరగతికి వెళ్ళినవాళ్ళు లెక్కలు రాయడం నేర్చుకున్నారు, లాభం మాత్రం పెరగలేదు. తోడు దొరికినవాళ్ళ లాభం సగటున 20 శాతం పెరిగింది, ముఖ్యంగా చవగ్గా సరుకు ఎక్కడ దొరుకుతుందో తెలియడం వల్ల. ఆ కలయికలు ఆగిపోయేకొద్దీ లాభమూ పల్చబడింది. 2018లో ఇది వెలువడింది, అయినా సాయం పేరుతో వచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఇప్పటికీ హాళ్ళకీ, బోర్డులకీ, సర్టిఫికెట్లకీ పోతుంటే నాకు బాధేస్తుంది. పేటలోనే తెలిసిన మనిషి ఉండగా బయటి నుంచి బోధకుణ్ణి తెచ్చి ఏం చెప్పిస్తాం?

పాత బట్టలమ్మే ఒకామెని కలిశాను, గికోంబా బజారులో బేళ్ళు కొనడంలో ఆమెది ఆరితేరిన చెయ్యి. బేలు విప్పేదాకా లోపల ఏముందో తెలియదు, ఏ టోకు వర్తకుడి సరుకు నమ్మొచ్చు, ఏ రోజు పొద్దున్నే వెళ్ళాలి, అంతా ఆమెకి కంఠతా. కొత్తగా మొదలుపెట్టిన అమ్మాయికి ఇదంతా చెప్తారా అని అడిగాను. మొహమాటం లేకుండా చెప్పింది, "ఈ వీధిలో పిల్లకి చెప్పను, నా గిరాకీ పోతుంది. అవతలి స్టేజీ దగ్గర కూర్చునే పిల్లయితే పంపండి, గికోంబాకి నాతోపాటే తీసుకెళ్తాను." న్యాయమైన మాట. నా స్నేహితుడు అక్కడే నోటుబుక్కు తీసి, ఎవరికి ఎవరిని తోడివ్వాలో తాము రాసుకున్న జాబితాని వీధుల వారీగా మార్చడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి మటాటూ (అక్కడి షేర్ వ్యాను) ఛార్జీలు సంఘం పెట్టుకోవాలా, ఆమె మొదటి లాభంలోంచి తీసుకోవాలా అన్నదాని మీద సాయంత్రం దాకా వాదించుకున్నాం. సంఘమే పెట్టుకోవాలని నా పట్టు, కనీసం మొదటి నెల.