రైతుబంధు ప్రభావాన్ని విడదీసిన తంటా

రైతుబంధు డబ్బు చేతికొచ్చాక తెలంగాణ రైతులు వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు తగ్గించారా? నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయమంతా ఈ ప్రశ్నే. 2018 మేలో పంటకు ఎకరాకు 4,000 రూపాయల చొప్పున చెక్కులు మొదలయ్యాయి. పట్టాదారులందరికీ ఇచ్చారు కాబట్టి రాష్ట్రంలో పోల్చడానికి డబ్బు అందని పట్టాదారులు దాదాపు లేరు. అందుకే సరిహద్దు దాటాను. ఇటు ఆదిలాబాద్, అటు మహారాష్ట్రలోని యవత్మాల్. రెండు వైపులా నల్లరేగడి, పత్తి. పథకానికి ముందు, తర్వాత ఇటు ఎంత మారింది, అటు ఎంత మారింది, ఆ రెండింటికీ తేడా ఎంత? డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ అంటే ఇదే. ఆర్థికవేత్తలు కార్డ్, క్రూగర్ 1992లో న్యూజెర్సీ కనీస వేతనం పెంపును పక్కనున్న పెన్సిల్వేనియాతో పోల్చింది ఇలాగే.

అసలు పనికన్నా ముందు జిల్లా కోడ్‌లు ప్రాణం తీశాయి. 2016 అక్టోబరులో పాత ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది. మండలాల పేర్లు చూసుకుంటూ అన్నిటినీ పాత హద్దుల్లోకి చేర్చాను.

మొదటి రిగ్రెషన్‌లో, అంటే ఈ తేడాను అంచనా కట్టే లెక్కలో, మూడు స్టార్లు వచ్చాయి. ఫలితం కేవలం యాదృచ్ఛికం కాదనడానికి ఎన్ని స్టార్లుంటే అంత బలం. మా గైడ్ టేబుల్ చూసి, ‘‘బాగానే ఉందమ్మా, మరి ఆ జనవరిలో ఏమైంది?’’ అన్నారు. 2018 జనవరి 1 నుంచే సాగుకు 24 గంటల ఉచిత కరెంటు! ఏడాదికోసారి తీసే సర్వేలో ఆ రెండూ ఒకే ఏడాదిలో పడతాయి. ఎవరి వాటా ఎంతో తేలదు.

దారి కౌలు రైతుల దగ్గర దొరికింది. కరెంటు పొలం ఎవరు దున్నినా వస్తుంది, రైతుబంధు మాత్రం పట్టాదారుకే ఇచ్చారు. దాంతో పట్టాదారు, కౌలుదారు అనే మూడో తేడా కలిపాను. వీటివల్ల కౌలు రేటు పెరిగి ఉంటే కౌలుదారు అప్పూ మారుతుంది, ఈ పోలికా కొంత చెడుతుంది. ఆ మాట అధ్యాయంలో రాసే ఉంచాను.

ఏడాదివారీ గ్రాఫ్ గీస్తే ఇంకో చిక్కు. ఒక్కో చుక్క ఆ ఏడాది తేడా. పథకం రాకముందు తేడా ఉండకూడదు కాబట్టి చుక్కలన్నీ సున్నా గీత దగ్గరే ఉండాలి. 2017 చుక్క మాత్రం పక్కకు జరిగింది. ఆ జూన్‌లో మహారాష్ట్ర లక్షన్నర దాకా రుణమాఫీ ప్రకటించింది. అదీ ఎక్కువగా భూమి ఉన్నవాళ్లకే కనుక మూడో తేడాతో పోదు. మొదటి నుంచీ బ్యాంకు అప్పు లేని కుటుంబాలనే రెండు వైపులా ఉంచాను. శాంపిల్ బాగా చిక్కిపోయింది, చుక్క మాత్రం గీత దగ్గరికొచ్చింది. స్టార్లు మూడు నుంచి ఒకటికి పడ్డాయి. అధ్యాయంలో ఆ టేబులే పెట్టాను, మూడు స్టార్లది అనుబంధంలోకి పోయింది.