తాడ్వాయి అడవిలో ఇప్పపూలు ఏరుతుంటే చూశాను

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలివానకు వేల చెట్లు కూలిపోయాయి కదా, వరంగల్‌లో కూర్చుని ఆ వీడియోలు చూసి మనమంతా అయ్యో అన్నాం. నాలుగు రోజులకే వేరే టాపిక్‌లోకి వెళ్లిపోయాం. ఆ అడవి మీదే బతికే కోయ గిరిజనులకు అలా మర్చిపోయే వీలు లేదు.

మొన్న ఎండాకాలంలో అటు వెళ్తే ఒక పెద్దమ్మ ఇంకా పూర్తిగా తెల్లారకముందే ఇప్పచెట్టు కింద ఉంది. రాలిన ఆకులకు నిప్పు పెడితే పూలు సులువుగా కనబడతాయి, చాలాచోట్ల అదే చేస్తారు, కార్చిచ్చు అక్కడే మొదలవుతుంది కూడా. ఆమె మాత్రం చీపురుతో ఓపిగ్గా ఊడ్చి, లేత పసుపు పూలను ఒక్కొక్కటీ బుట్టలో వేస్తోంది. కొన్ని అలాగే వదిలేసింది. ఎందుకమ్మా అంటే "అన్నీ మనమే ఏరుకుంటే ఎట్ల బిడ్డా, ఎలుగులకు వద్దా?" అంది, అదేదో మామూలు విషయమైనట్టు!

కొత్త పంటైనా, కాయైనా ముందు పండుగ చేసి వేల్పుకు పెట్టాకే కోయవాళ్లు తింటారు. దాంతో కాయ ముదిరి, విత్తనం పడే టైమ్ దొరుకుతుంది. దీన్ని మూఢనమ్మకం అనేవాళ్లంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారం గ్రామసభకు కూడా ఇచ్చింది. ఫారెస్ట్ సార్లూ, చెట్లు కూలినచోట మొక్కలు నాటేముందు ఏ చెట్టు ఎక్కడ నిలబడుతుందో ఆ గూడేలవాళ్లనే కూర్చోబెట్టి అడగండి.