కొట్టేసిన కేసులే నాకు గైడు: నా ఏపీపీ ప్రిపరేషన్ అనుభవం

నా ఎత్తు 165 సెంటీమీటర్లు. తెలంగాణలో ఎస్సై కావాలంటే మగవాళ్లకు 167.6 ఉండాలి. ఇంట్లో గోడకు గీత గీసి కొలిస్తే 168 వచ్చింది. గీత గీసింది మా అమ్మ. ఏడాది పాటు గ్రౌండులో పరుగెత్తాక, అసలు కొలత రోజున ఒక కానిస్టేబుల్ నా మడమల మీదే కళ్లు పెట్టి నిల్చున్నాడు. అంతటితో పోలీసు కల అయిపోయింది. నేరం ఎలా జరిగింది, ఎవరు చేశారు, దాన్ని ఎలా రుజువు చేయాలి అన్న ఆసక్తి మాత్రం పోలేదు. లాసెట్ రాసి మూడేళ్ల లా చదివి, ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ముద్దాయిల తరఫున వాదించే ఒక డిఫెన్స్ సీనియర్ లాయరు దగ్గర జూనియర్‌గా చేరాను. 2021 జులైలో 151 అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ, అంటే క్రిమినల్ కేసుల్లో సర్కారు తరఫున వాదించే లాయరు) పోస్టులకు నోటిఫికేషన్ వచ్చేసరికి క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు నిబంధన కూడా నాకు సరిపోయింది.

ముందుగా ఒక అపోహ సంగతి. ఏపీపీ అయితే దర్యాప్తు చేయొచ్చని కొందరు తమ్ముళ్లు ఇప్పటికీ అనుకుంటున్నారు. అమెరికాలో డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసులకు సొంత ఇన్వెస్టిగేటర్లు ఉంటారు. మన దగ్గర అలా కాదు. దర్యాప్తు పోలీసులది, కేసు నడపడం మనది. 1995లో షహానే కేసులో సుప్రీంకోర్టు ప్రాసిక్యూటర్లను పోలీసు శాఖ నుంచి వేరు చేయాలని చెప్పింది. 2005 సవరణతో సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్)లోకి సెక్షన్ 25ఏ వచ్చి డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్‌కు చోటిచ్చింది. కాబట్టి దొంగను పట్టుకోవాలన్న కోరికతో వస్తే నిరాశ పడతారు. పట్టుకొచ్చిన కేసు కోర్టులో నిలబడుతుందా లేదా అని కాగితం కాగితం తిప్పి చూడగల ఓపిక ఉంటే ఈ ఉద్యోగం మీదే.

నా ప్రిపరేషన్‌లో మొదటి కొన్ని నెలలు వృథా అయ్యాయనే చెప్పాలి. సెక్షన్లను కార్డుల మీద రాసుకుని బస్సులో, కోర్టు వరండాలో, అన్నం తింటూ బట్టీ పట్టాను. 302 అంటే హత్యకు శిక్ష అని టక్కున చెప్పేవాణ్ని. మాక్ టెస్టులో మాత్రం ఒక సంఘటన ఇచ్చి 'ఈ వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లుతుందా' అని అడిగితే చేతులెత్తేసేవాణ్ని. ఒకరోజు మా సీనియర్ నా కార్డుల కట్ట చూసి నవ్వాడు. "తమ్మీ, ఇవన్నీ బేర్ యాక్ట్‌లోనే, అసలు చట్టం పుస్తకంలోనే ఉన్నాయి గదా. మనం మొన్న గెలిచిన కేసు అవతలోళ్లు ఎందుకు ఓడిండ్రో రాసుకున్నవా?" అన్నాడు.

రాసుకోలేదు. ఆ సాయంత్రమే ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను.

అప్పటి నుంచి రోజుకు ఒక్క తీర్పు, అదీ కేసు కొట్టేసిన తీర్పు. కొన్ని మా ఆఫీసు ఫైళ్లలోవే, మిగతావి ఈ-కోర్ట్స్ సైట్‌లో దొరికినవి. పేజీని మూడు గళ్లు చేసేవాణ్ని. కేసు ఎక్కడ విరిగింది? దర్యాప్తు అధికారి ఏం చేసి ఉండాల్సింది? ఏపీపీ సాక్షిని ఏం అడిగి ఉండాల్సింది? మూడో గడి నింపడానికే ఎక్కువ టైమ్ పట్టేది, కొన్నిసార్లు రెండు రోజులు ఖాళీగానే ఉండేది.

కొన్నాళ్లకు ఒక విషయం బోధపడింది. కేసులు విరిగే చోట్లు మహా అయితే పది పదిహేను. రోడ్డు ప్రమాదం కేసుల్లో బండి నడిపింది ఇతనేనని ఒక్కరూ చెప్పరు. చెప్పినా 'స్పీడుగా వచ్చాడు' అని ఆగిపోతారు. ఉత్త స్పీడు నిర్లక్ష్యం కాదని 1998లోనే కర్ణాటక సర్కారు, సతీష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బైకు దొంగతనాల్లో పంచనామాలో ఛాసిస్ నంబరు ఉండదు, ఓనరు వచ్చి 'ఇలాంటిదే నా బండి' అంటాడు. ఇక పంచులైతే, అంటే పంచనామాకు సాక్షులుగా సంతకం పెట్టేవాళ్లయితే, చెప్పనక్కర్లేదు. 'సంతకం నాదే సార్, స్టేషన్ల పెట్టమంటే పెట్టిన' అన్న ఒక్క ముక్కతో ఎన్ని కేసులు పోయాయో నా నోటుబుక్కులో లెక్క ఉంది.

ఇలా చదవడం వల్ల సెక్షన్లు వాటంతటవే గుర్తుండిపోయాయి. 161 స్టేట్‌మెంటు, అంటే దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం, సాక్షిని ఖండించడానికే తప్ప బలపరచడానికి పనికిరాదని పుస్తకంలో వంద సార్లు చదివినా నాకు ఎక్కలేదు. అదే తప్పు వల్ల పోయిన ఒక దొమ్మీ కేసు తీర్పు చదివాక మరిచిపోయిందే లేదు.

లీడింగ్ కేసులకూ ఇదే పద్ధతి. పేరు, సంవత్సరం, ఒక లైను సారాంశం అని టేబుల్ వేసుకోకండి. కథ చదవండి. సాక్ష్య చట్టంలో రెండు పెద్ద కేసులు మన తెలుగు నేలతో ముడిపడినవే. మొదటిది పాకాల నారాయణస్వామి కేసు. 1937 మార్చిలో పూరీ స్టేషన్‌లో, థర్డ్ క్లాస్ పెట్టెలో ఒక స్టీలు ట్రంకు దొరికింది. అందులో ముక్కలు చేసిన శవం. చనిపోయినాయన పిఠాపురం దివాను దగ్గర ప్యూనుగా చేసిన మనిషి. తనకు రావాల్సిన అప్పు తీసుకోవడానికి బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పి బయల్దేరాడు. ఆ మాట సాక్ష్యంగా తీసుకోవచ్చా? చెప్పేటప్పటికి ఆయనకు చావు భయమేమీ లేదు మరి. తీసుకోవచ్చని 1939లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు) చెప్పింది. చావుకు దారితీసిన వ్యవహారానికి సంబంధించిన పరిస్థితి అయితే చాలు, మరణభయం అక్కర్లేదు. మరణ వాంగ్మూలం గురించి ఏ ప్రశ్న వచ్చినా నాకు ఆ ట్రంకు పెట్టే కళ్ల ముందుకు వస్తుంది.

రెండోది గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు, 1947. పోలీసుల దగ్గర ముద్దాయి చెప్పిన మాటల్లో, ఏదైనా కనిపెట్టడానికి దారితీసిన ముక్కే చెల్లుతుంది. ముద్దాయి 'మా ఇంటి చూరులో దాచిన కత్తి తీసిస్తాను, దానితోనే పొడిచాను' అన్నాడనుకోండి. కనిపెట్టింది కత్తిని కాదు, అది ఆ చోట ఉందని అతనికి తెలుసన్న సంగతిని. 'దానితోనే పొడిచాను' అన్న ముక్క చెల్లదు. ఈ తేడా అర్థమైతే పేపర్ రెండులో ఒక సమాధానం చేతిలో ఉన్నట్టే. నేను కోర్టులో చూసిన రికవరీ పంచనామాల్లో సగానికి సగం ఆ చెల్లని ముక్కనే ప్రధానంగా రాస్తాయి. అది వేరే బాధ.

పరీక్ష సంగతి కొంచెం. మాకు పేపర్ ఒకటిలో 200 ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు మూడు గంటలు. అంటే ప్రశ్నకు నిమిషం కూడా రాదు. పేపర్ రెండు డిస్క్రిప్టివ్, మొదటిది బాగా రాసినవాళ్లు ఇక్కడే జారిపోతారు. మనం రోజంతా మాట్లాడే వృత్తిలో ఉన్నాం, రాయడం అలవాటు తప్పింది. నేను మొదటిసారి టైమర్ పెట్టుకుని రాస్తే గంటకే వేళ్లు లాగాయి, అక్షరాలు కోడిగీతలయ్యాయి. ఆ తర్వాత ఆఖరి రెండు నెలలు ఆదివారాలన్నీ దీనికే. మా ఆవిడ వాచీ పట్టుకుని కూర్చునేది, టైమ్ అయిపోగానే వాక్యం మధ్యలో ఉన్నా కాగితం లాక్కునేది. సమాధానంలో సెక్షను, దాని మాటలు, ఒక కేసు, ఇచ్చిన సంఘటనకు దాన్ని అన్వయించడం ఉంటే చాలు. ఉపోద్ఘాతాలు, నీతివాక్యాలు మార్కులు తేవు.

కోచింగ్ గురించి అడుగుతున్నారు చాలామంది. నేను ఒకచోట డబ్బు కట్టి, మూడు వారాలకు మానేశాను. చెప్పేవాళ్లు మంచివాళ్లే, కాని కోర్టు మెట్లు ఎక్కి చాలా కాలమైనవాళ్లు. ఆ గంటలు కోర్టు హాల్లో కూర్చుని చీఫ్ (సాక్షిని పిలిచినవాళ్లు అడిగే ప్రశ్నలు), క్రాస్ (అవతలివాళ్లు అడిగేవి) వింటే నయమని నాకనిపించింది. ఇది నా అభిప్రాయం మాత్రమే.

ఇప్పుడు రాసేవాళ్లకు నాకు లేని భారం ఒకటుంది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతి ఐపీసీయే, తర్వాతి వాటికి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత). రెండూ తెలియాలి. అయితే 511 సెక్షన్లకు పక్కన 358 సెక్షన్లు పెట్టి పట్టికలు బట్టీ పట్టడం మళ్లీ నా కార్డుల కట్ట పనే అవుతుంది. నంబరు మాత్రమే మారినవాటికి పూట చాలు: 161 పోయి 180, మెజిస్ట్రేట్ ముందు వాంగ్మూలాల 164 పోయి 183, హత్య 103, వరకట్న మరణం 80. నిజంగా కొత్తగా వచ్చినవాటి దగ్గర ఆగండి. సోదా, స్వాధీనం వీడియో తీయాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 105 అంటోంది. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేర స్థలానికి వెళ్లాలని 176(3) చెబుతోంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత సాక్ష్య చట్టం 65బీ స్థానంలో వచ్చిన బీఎస్‌ఏ (భారతీయ సాక్ష్య అధినియం) 63 కింద సర్టిఫికెట్ రెండు భాగాలైంది, ఒకటి ఫైలు ఇచ్చేవారిది, రెండోది నిపుణుడిది, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) సహా. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 20 తప్పక చదవండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసులను అసిస్టెంట్ డైరెక్టర్, ఏడు నుంచి పదేళ్ల లోపువి డిప్యూటీ డైరెక్టర్, ఆపైనవి డైరెక్టర్ పర్యవేక్షించాలని అందులో ఉంది. దర్యాప్తు మీద ప్రాసిక్యూషన్ కన్ను ఎంతవరకు పడుతుందో అక్కడ తెలుస్తుంది.

చిన్న చట్టాలను చివరి వారానికి వదిలేయకండి, నేను వదిలేసి భయపడ్డాను.

పోస్టింగ్ వచ్చిన కొత్తలో ఒక రాగి తీగ దొంగతనం కేసు నా ముందుకొచ్చింది. వ్యవసాయ బావి దగ్గర మోటారు వైరు. రికవరీ పంచనామాకు ఇద్దరు పంచులు. మొదటివాడు బోనెక్కాడు. నేను పంచనామా చూపించగానే నాకు కంఠతా వచ్చిన వాక్యమే అన్నాడు: "సంతకం నాదే సార్, స్టేషన్ల పెట్టించుకున్నరు." మెజిస్ట్రేట్ గారు నా వైపు చూశారు. మా సాక్షే ఎదురు తిరిగాడని (హాస్టైల్‌గా) ప్రకటించి క్రాస్ చేయడానికి అనుమతి అడిగాను.

'నువ్వు అబద్ధం చెబుతున్నావు' అని అడిగితే 'లేదు' అంటాడని నోటుబుక్కు మూడో గడిలో ఎన్నిసార్లు రాసుకున్నానో. అందుకే ఆ ఊసే ఎత్తలేదు. ఊరు ఏదని అడిగాను, చెప్పాడు. ఊరికి స్టేషన్ ఎంత దూరమంటే పద్నాలుగు కిలోమీటర్లన్నాడు. ఆ రోజు చీకటి పడ్డాక ఆ దారిన బస్సు ఉండదు కదా అంటే ఉండదన్నాడు.

"మరి ఇంటికి ఎట్ల పోయినవ్?"

"జీపుల దింపిండ్రు సార్, ఆ బాయికాడికెళ్లే అటే ఇంటికి" అన్నాడు.

బావి దగ్గర నుంచే. అంటే స్టేషన్‌లో సంతకం పెట్టి ఊరుకున్నవాడు కాదు, పోలీసులతో బావి దాకా వెళ్లినవాడే. డిఫెన్స్ న్యాయవాది అప్పటికే లేచి నిలబడ్డాడు. టైపిస్టు ఆ వాక్యం కొట్టేదాకా నేను ఊపిరి బిగబట్టుకుని కీబోర్డు వైపే చూస్తూ నిల్చున్నాను.